కొంగు రాని చీర

బతికున్న దాని ప్రాణం తీసి, ప్రాణం పోయిన సంగతి దానికే తెలియనివ్వకుండా, పొద్దుగూకే దాకా దాని చేత చీర నేయించిన మనిషిని మీరెక్కడైనా చూశారా? చూసి ఉండరు. ఆ మనిషిని నేనే. పోయింది మా కార్ఖానాలోని కంప్యూటర్. ఆయుధం నా కుడిచేతి చూపుడువేలు. తేదీ కూడా నాకు బాగా గుర్తుంది. పెళ్ళిళ్ళు, పురుళ్ళు, గ్యాస్ బండ మార్చిన రోజులు, పక్కింటివాళ్ళు మా నిచ్చెన పట్టుకుపోయిన రోజు, తిరిగి ఇవ్వని రోజులు, అన్నీ గుర్తుండే దాన్ని, ఇది మరుస్తానా? అయినా ఆ తేదీ ఇక్కడ రాయను. రాస్తే మా కోడలు ఏటా ఆ రోజున కంప్యూటర్‌కు దండ వేసి సంవత్సరీకం పెడుతుంది.

అప్పటికి నాకింకా డెబ్బై నిండలేదు. చిన్నతనం. ఆ వయసులో ఎవరికైనా దుడుకు ఉంటుంది.

మాది సూరత్‌లో నాలుగు సాంచాల కార్ఖానా. మరమగ్గాన్ని ఇక్కడి గుజరాతీలూ, కరీంనగర్ దిక్కు నుంచి వచ్చిన మేమూ సాంచా అనే అంటాం. ఆ నాలుగింటిలో మూడు మామూలువి, చెప్పిన పని చేసుకుపోతాయి. నాలుగోది చదువుకున్నది. దాని నెత్తిమీద జకార్డ్ ఉంటుంది. పక్కన బల్ల మీది కంప్యూటర్ ఏ పోగు లేపమంటే అది ఆ పోగు లేపుతుంది. కంప్యూటర్ నెమలి అనుకుంటే కింద బట్ట మీద నెమలి పడుతుంది. మనుషుల్లో ఇంత మాట వినేవాళ్ళు నాకు ఇంతవరకు తగల్లేదు.

మా అబ్బాయి కిమ్ అనే ఊళ్ళో ఒక మిల్లులో మెకానిక్, ఆదివారాలు మాత్రమే ఇంటి మనిషి. కార్ఖానా నడిపేది కోడలు సునీత. పుట్టిందీ పెరిగిందీ ఈ ఊళ్ళోనే. తెలుగులో మొదలుపెట్టి, హిందీలో కోప్పడి, గుజరాతీలో బేరం తెంపుతుంది. చదువుకున్న సాంచా మీద పని చేసేది రాజలింగం. మా దిక్కువాడే, నన్ను చిన్నమ్మా అంటాడు. అతని జుట్టు నాకన్నా తెల్లగా ఉంటుంది, అది వేరే సంగతి.

ఆ మాఘమాసంలో సునీతకు మొదటిసారి తన సొంత డిజైన్ మీద ఆర్డర్ వచ్చింది. అంతవరకు రింగ్ రోడ్ సేఠ్‌లు ఇచ్చిన పూలూ తీగలే కూలికి నేసేవాళ్ళం. ఈసారి ఒక పెళ్ళివారు వచ్చి, పెళ్ళికూతురికీ అక్కచెల్లెళ్ళకూ ఒకే తీరు చీరలు కావాలన్నారు. ఆకుపచ్చ చీర, ఎర్రంచు, అంచు పొడుగూతా నెమళ్ళు. ఆ నెమలిని సునీత నెలన్నర గీసింది. అన్నం కలుపుతూ ఆగిపోయి, ముద్ద చేతిలోనే ఉంచుకుని, "మెడ జర వంచితే?" అని గోడను అడిగేది. ఆ చీరలు బాగా వస్తే ఆమె ఇక కూలికి నేయించే మనిషి కాదు, డిజైన్ అమ్మే మనిషి. రాకపోతే మళ్ళీ సేఠ్ గారి పూలూ తీగలే. ఇంటిల్లిపాదిమీ ఆ నెమలి తోకకే వేలాడుతున్నాం.

సరిగ్గా అప్పుడే కంప్యూటర్‌కు కాలం చెల్లింది.

"కాలం చెల్లుడేందే? మంచిగనే నడుస్తాంది గదా?" అన్నాను.

"నడుస్తాంది అత్తమ్మా. కానీ పాత సిస్టమ్. కంపెనీవాళ్ళు దీనికి ఇగ మందు పంపుతలేరు. పక్క గల్లీల ఒకల కంప్యూటర్‌కు వైరస్ వచ్చి, డిజైన్లన్నిటికి తాళమేసి పోయింది. సిస్టమ్ కొత్తది ఎక్కియ్యాలె."

"అయితే సాంచా ఆపుడేనా?"

ఆపకూడదని నాకు తెలుసు. చీర మధ్యలో సాంచా ఆగి మళ్ళీ కదిలితే బట్ట మీద అడ్డంగా ఒక గీత పడుతుంది. పెళ్ళివారి చూపు సంగతి మీకు తెలియనిదా? పెళ్ళికూతురి ముఖం కన్నా ముందు ఆ గీతే కనబడుతుంది.

"ఆపే పనే లేదు," అంది సునీత. "పాతది దాని పని అది చేస్తనే ఉంటది. పక్కన ఖాళీ జాగల కొత్తదాన్ని తయారు చేస్త. పాతదానికి తెల్వనే తెల్వది."

"గుట్టుగ సవతిని తెచ్చినట్టు."

"అట్లనే అనుకో. చీరలన్ని అయినంక ఒక్కసారి బంద్ చేసి మల్ల చాలూ చేస్తే కొత్తది లేస్తది. అది లేచి పిచ్చిపిచ్చి చేసిందనుకో, ఫికర్ లేదు, పాతదాంట్లకే వాపస్ పోవచ్చు. అందుకే పాతదాన్ని అట్లనే ఉంచాలె."

ఆ చివరి మాట ఆమె చెప్పింది. నేను విన్నాను. కాదని అబద్ధమాడను. కానీ వినడానికీ చెవిలో వేసుకోవడానికీ మధ్య మా ఇంట్లో అత్తాకోడళ్ళంత దూరం ఉంది. పైగా ఆమె మొదటి ముక్క చెప్పగానే నాకు సగర్వంగా నవ్వొచ్చింది. ఇదేం కొత్త విద్య? దీన్ని మేం తాతల నాటి నుంచి అతుకు అంటున్నాం.

నేత తెలియని వాళ్ళ కోసం చెబుతాను. మగ్గం మీద పడుగు, అంటే నిలువు పోగులు, అయిపోవచ్చినప్పుడు పాత పోగుల్ని మొత్తం లాగెయ్యం. లాగేస్తే మళ్ళీ ఒక్కొక్క పోగును దువ్వెనలాంటి అచ్చు పళ్ళలోంచి దూర్చుకోవాలి, ప్రాణాలు పోతాయి. పాతవాటి కొసలు అచ్చులో ఉండగానే, వెనక కొత్త పోగులు చుట్టిన బీము తెచ్చి పెట్టి, పాత పోగు కొసకు కొత్త పోగు కొస ముడి వేస్తాం. వేల ముడులు. అన్నీ అయ్యాక మెల్లగా లాగితే పాతది దారి చూపిస్తుంది, కొత్తది వెంట నడిచి వస్తుంది. తల్లి చెయ్యి పట్టుకుని పిల్ల వచ్చినట్టు.

మా ఇంట్లో దీనికి ఒక ఆచారం ఉంది. ముడులన్నీ అచ్చు దాటి ముందుకు వచ్చాక పాత పడుగు తోక మిగులుతుంది. ఆ తోక కోయడం ఇంట్లో పెద్ద ఆడమనిషి పని. కత్తెరకు పసుపు రాసి, పోగులకు దండం పెట్టి, ఒక్క కోత. అది కోసేదాకా కొత్త పడుగు మొదలైనట్టు కాదు. మా అత్త పోయినప్పటి నుంచి ఆ కత్తెర నాది. పోలీసులు వచ్చి హత్యకు కారణమేమిటని అడిగితే, ఈ పేరా చూపించండి.

ఆ రోజు మధ్యాహ్నం జరీ రంగు కలవడం లేదని సునీత రింగ్ రోడ్ బయల్దేరింది. స్కూటీ మీద కూర్చుని, హెల్మెట్ పెట్టుకుని, మళ్ళీ తీసి లోపలికి వచ్చింది.

"అత్తమ్మా, స్క్రీన్ మీద నీలం పట్టీ నిండుతాంది, చూసినవా? నిండినంక రెడీ అని వస్తది. రానీ. నువ్వు ఏం ముట్టకు."

"నేనెందుకు ముట్టుకుంట? నాకేం పని లేదా?"

"ఏం పని ఉంది?"

ఆలోచించాను. ఏమీ లేదు. "కూసుంట," అన్నాను హుందాగా.

కూర్చున్నాను. మీరు మాఘంలో సూరత్ మధ్యాహ్నం ఎరుగుదురో లేదో. ఎండ చలి కాచుకోవడానికి వచ్చినట్టు కిటికీలోంచి లోపలికి వచ్చి కూర్చుంటుంది. ఆ ఎండలో నూలు పీచు తేలుతుంటుంది, కింద పడాలన్న తొందర ఏమీ లేకుండా. నాలుగు సాంచాల టకటక మొదట చెవిలో ఉంటుంది, కాసేపటికి ఛాతీలోకి దిగుతుంది, ఇంకాసేపటికి అది సాంచాలదో నీ గుండెదో తెలియదు. అన్నం తిన్న కడుపు. నీలం పట్టీ పాలు పొంగినట్టు మెల్లగా, మెల్లగా జరుగుతోంది. నేను దాన్నే చూస్తున్నాను. చూస్తూ చూస్తూ అది చెరువైంది. చెరువు మీద నెమళ్ళు నడుస్తున్నాయి. నెమళ్ళు నీళ్ళ మీద నడవవని నాకు తెలుసు, కానీ కలలో అడిగితే మర్యాదగా ఉండదని ఊరుకున్నాను.

అవతలి గట్టున పాత సిస్టమ్ కూర్చుని ఉంది. నా వయసు మనిషే. కాళ్ళు చాపుకుని, వక్క నములుతూ, ఒడిలో వేల పోగులు పెట్టుకుని ఒక్కొక్కటే లేపుతోంది. ఇవతలి గట్టు నుంచి కొత్త సిస్టమ్ వచ్చింది. ఇస్త్రీ బట్టలు, చేతిలో స్టీలు టిఫిన్ డబ్బా, కాళ్ళు తడవకుండా చీర ఎత్తి పట్టుకుంది. "అమ్మా, లేస్తవా, నేను కూసుంట," అంది. పాతది వినిపించుకోలేదు. కొత్తది నా వైపు తిరిగి, "మీరే పెద్దవాళ్ళు, మీరు చెప్పాలె," అంది.

కళ్ళు తెరిచాను. పట్టీ నిండి ఉంది. కింద ఇంగ్లీషులో నాలుగైదు మాటలు. మిగతావి ఎలా పోయినా రెడీ అన్నది నేను చదవగలను. పక్కనే రెండు పెట్టెల బొమ్మలు, ఒకటి పాతది, ఒకటి కొత్తది.

ముడులు అచ్చు దాటాయి. తోక మిగిలింది. ఇంట్లో పెద్ద ఆడమనిషి ఎవరు? చుట్టూ చూశాను. నేనే.

నిజం చెబుతున్నాను, నాకు నిద్ర పూర్తిగా వదల్లేదు. సగం ఇక్కడ, సగం చెరువు గట్టున ఉన్నాను. లేచి వెళ్ళి పసుపు తెచ్చాను. ఇక్కడ కత్తెరతో పని లేదు కనుక వేలికే రాసుకున్నాను. పాత పెట్టె మీద బాణం పెట్టి, సునీత చెత్త ఫైళ్ళు తీసేసేటప్పుడు నొక్కే మీట నొక్కాను.

'నిజంగానా?' అన్నట్టు ఏదో అడిగింది. యాభై ఏళ్ళ నా కాపురంలో నన్నెవరూ రెండోసారి అడగలేదు. అవునని నొక్కాను. మళ్ళీ అడిగింది. మళ్ళీ అవునన్నాను. అప్పుడు పాస్‌వర్డ్ అడిగింది. అక్కడైనా ఆగిపోవాల్సింది. కానీ ఆ పాస్‌వర్డ్ నా పుట్టిన తేదీ. మా ఇంట్లో అందరికీ గుర్తుండే తేదీ అదొక్కటే. ఎందుకంటే నేను మరవనివ్వను. దేవుడు మూడు తలుపులు వేస్తే నేను మూడూ తీసుకుని వెళ్ళి గోతిలో పడ్డాను.

దండం పెట్టి వచ్చి కుర్చీలో కూర్చున్నాను. సాంచా హాయిగా నడుస్తోంది. నెమలి తర్వాత నెమలి. ఎంత తృప్తి! చెయ్యాల్సిన పని చేసినవాళ్ళకు పట్టే నిద్ర మళ్ళీ పట్టబోతుండగా రాజలింగం గొంతు వినిపించింది.

"చిన్నమ్మా, గీ బొమ్మలకు తెల్లబట్ట కప్పుతున్నవేంది?"

"ఏ బొమ్మలకురా?"

"స్క్రీన్ మీద. సూడు."

చూశాను. స్క్రీన్ మీది చిన్న చిన్న బొమ్మలు ఒక్కొక్కటే ముఖం పోగొట్టుకుని తెల్లటి గడులవుతున్నాయి. చావింట్లో అద్దాల మీద గుడ్డ కప్పినట్టు. నా నిద్ర చెరువులోంచి ఒక్క గెంతులో బయటపడింది.

సునీతకు ఫోన్ చేశాను.

"కోడలా, ఒక మాట అడుగుత, కోపం చేయొద్దు."

"ఏం ముట్టినవు అత్తమ్మా?"

"ముట్టుడు కాదు బిడ్డా. తోక కోసిన."

"ఏం తోక?"

"పాత సిస్టమ్ తోక. రెడీ అన్నది. ముడులు దాటినయి. పసుపు కూడా రాసిన."

ఫోన్లో రింగ్ రోడ్ హారన్లన్నీ వినిపించాయి. వాటి మధ్య నుంచి సునీత, "లూమ్ నడుస్తాందా?" అంది.

"బంగారం లెక్క నడుస్తాంది. కొత్తది ఎంత మంచిగ చేస్తాందనుకున్నవ్!"

"నడుస్తాంది పాతదే అత్తమ్మా. కొత్తది ఇంకా పండుకునే ఉంది. బంద్ చేసి చాలూ చేస్తేనే అది లేస్తది."

"పాతది పోయింది గదా, మరెట్ల నడుస్తాంది?"

"తలకాయల యాదికున్నదాంతోటి నడుస్తాంది. కరెంట్ పోతే యాది పోతది. నా నెమలి గా యాదిలనే ఉంది."

"కొత్తదాంట్ల ఏసుకోలేదా?"

"ఆర్డర్ అయినంక ఏద్దామనుకున్న."

"పెన్ డ్రైవ్‌ల?"

"దాంట్ల పాత కాపీ ఉంది. గా నెమలికి తోక లేదు."

ఆ మాట ఆమె నన్ను దెప్పడానికి అనలేదు. నిజంగానే లేదట. నాకు మాత్రం ఛాతీలో గుచ్చుకుంది.

"ఏం ముట్టకు. ఎవర్ని ముట్టనీకు. కరెంట్ పోనీకు. నేను వస్త..." అంటుండగానే ఆమె ఫోన్ ఛార్జింగ్ అయిపోయి కట్టయింది.

కూర్చున్న కొమ్మను నరుక్కోవడం అని సామెత ఉంది. నరుక్కున్నవాడు వెంటనే కింద పడతాడు, నొప్పి పెడుతుంది, ఏడుస్తాడు, అయిపోతుంది. నేను కొమ్మ నరికేశాను, కానీ నరికిన సంగతి కొమ్మకు ఇంకా తెలియదు. గాల్లోనే ఉంది. దాని మీద నేను, రాజలింగం, నాలుగు సాంచాలు, ఒక పెళ్ళి. ఎవరూ గట్టిగా ఊపిరి తీయకూడదు.

నాకొక ఆలోచన వచ్చింది. ఈ ఆలోచన రాకపోయి ఉంటే నేను ఇంత రాయాల్సిన పని లేదు. యాది మీద నడిచే ముసలివాళ్ళ సంగతి నాకు తెలుసు, నేనే ఒకదాన్ని. పాత కథ చెబుతున్న ముసలమ్మను మధ్యలో ఆపితే ఎక్కడిదాకా చెప్పిందో మరిచిపోతుంది. ఆపకుండా ఊ కొడుతూ ఉంటే తెల్లారేదాకా చెబుతుంది. కనుక సాంచా ఆగకూడదు. అది అడుగుతూ ఉండాలి, కంప్యూటర్ చెబుతూ ఉండాలి.

"లింగా, సాంచా ఆపకు."

"ఎట్ల ఆపకుంట? చీర పొడుగు అయిపోవచ్చింది. కొంగు డిజైన్ మీట నొక్కాలె."

"నొక్కకు! కొంగు యాదికుందో లేదో మనకేం ఎరుక? లేదనుకో, వెతుకుతది. వెతికితే దొరకది. దొరకకపోతే తనకేమైందో తనకు తెలుస్తది."

రాజలింగం నన్ను చూశాడు, కంప్యూటర్‌ను చూశాడు. "కొంగు లేకుంట చీరేంది చిన్నమ్మా?"

"కొంగు తర్వాత. ముందు పానం."

అలా కొంగు రావలసిన చోట కొంగు రాలేదు. నెమళ్ళే వచ్చాయి. చీర అయిపోవలసిన చోట అయిపోలేదు. ఆకుపచ్చ బట్ట, ఎర్రంచు, సాంచా ముందు నుంచి వాగులాగా సాగుతూనే ఉంది. తోక ఊపుకుంటూ ఒక నెమలి వెంట ఇంకో నెమలి, ఎక్కడికి పోతున్నాయో తెలియని తీర్థయాత్ర.

తలుపు దగ్గర మీటర్ చూసే అబ్బాయి ప్రత్యక్షమయ్యాడు. మెయిన్ స్విచ్చు పక్కనే మీటర్.

"మాసీ, ఖాలీ రీడింగ్," అన్నాడు, ఒక్క రీడింగే అన్నట్టు అటు చెయ్యి చాపుతూ.

పదేళ్ళ తర్వాత నా మోకాళ్ళు నా మాట విన్నాయి. అంత వేగంగా లేచాను. మీటర్‌కూ అతనికీ మధ్య నిలబడి, "బేసో దీక్‌రా, కూసో కొడుకా, నిమ్మకాయ నీళ్ళు తాగు," అన్నాను.

"పానీ నహీ, రీడింగ్..."

"రీడింగ్ రేపు. ఇయ్యాల దానికి పానం బాగాలేదు."

"కోనే?" అన్నాడు భయంగా. ఎవరికని.

నేను కంప్యూటర్ వైపు చూపించాను. తెల్లగడుల స్క్రీను, దాని ముందు పసుపు మరక, పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డ రాజలింగం. ఆ అబ్బాయికి తెలుగు అంతంతమాత్రమే గానీ, చావుకళ ఏ భాషలోనైనా ఒకటే. నిమ్మకాయ నీళ్ళు కూడా తాగకుండా వెళ్ళిపోయాడు.

ఇంతలో స్క్రీన్ నల్లబడింది.

"పోయింది," అన్నాను. కుర్చీలో కూలబడ్డాను. "లింగా, పోయింది."

"సాంచా నడుస్తాంది గదనే? ఎలుకను జర కదుపు."

"ముట్టొద్దన్నది."

"అయితే బల్లను కదుపు. బల్లను ముట్టొద్దనలే గద?"

ఇద్దరం చెరో పక్క పట్టుకుని బల్లను మెల్లగా ఊపాం, ఉయ్యాల ఊపినట్టు. స్క్రీన్ కళ్ళు తెరిచింది. కునుకు తీసిందట, అంతే. మళ్ళీ కునుకు తీయకుండా దానితో మాట్లాడడం మొదలుపెట్టాను. మా పెళ్ళి ఏ నెలలో అయిందో, మా అబ్బాయికి మొదటి పన్ను ఎప్పుడు వచ్చిందో, సూరత్ వచ్చిన మొదటి ఏడు నూలు ధర ఎంత, రెండో ఏడు ఎంత, అన్నీ చెప్పాను. మా ఆయన కూడా ఇంత ఓపికగా ఎప్పుడూ వినలేదు. ఎండ గోడ మీదికి పాకింది. పీచు బంగారంలా తేలుతోంది. సాంచా ఊ కొడుతోంది. చనిపోయిన దానితో చనిపోలేదన్నట్టు కబుర్లు చెబుతూ, ఒక దశలో నాకు భయం కూడా పోయింది. ఇలాగే జీవితాంతం కూర్చోవచ్చనిపించింది. లోకంలో ఎన్ని ఇలాగే యాది మీద నడుస్తున్నాయో ఎవరికి తెలుసు?

"చిన్నమ్మా, బీము అడుగంటుతాంది," అన్నాడు రాజలింగం. నేనా మాటను కలలోకి రానివ్వలేదు.

సునీత వచ్చింది. హెల్మెట్ తీయలేదు. నన్ను చూడలేదు. నేరుగా బల్ల దగ్గరికి వెళ్ళి, పెన్ డ్రైవ్ గుచ్చి, తెరిచి ఉన్న నెమలి బొమ్మ మీద రెండుచోట్ల నొక్కింది. ఊపిరి బిగబట్టి చూసింది. తోకతో సహా నెమలి పెన్ డ్రైవ్‌లోకి ఎక్కి కూర్చుంది. అప్పుడు హెల్మెట్ తీసి, నేల మీద కూర్చుని, నెత్తి మీద నీళ్ళు పోసుకుంది.

"అయిపోయింది," అంది.

"గంతేనా?"

"గంతే."

"గింత దానికి నేను నూలు ధరలన్ని చెప్పిన్నా?"

"ఎవలికి?"

ఈలోగా ఆమె చూపు సాంచా కిందికి పోయింది. చుట్ట చుట్టుకున్న బట్ట చిన్న దూడంత ఉంది.

"అత్తమ్మా, ఈ చీర కొంగేది?"

నేను రాజలింగాన్ని చూశాను. రాజలింగం పైకప్పును చూశాడు.

"రాలే," అన్నాను.

"రాలేదంటే?"

"దాన్ని పిలవలే బిడ్డా. మర్యాదగుండదని."

సునీత బట్ట కొస పట్టుకుని లాగింది. నెమలి, నెమలి, నెమలి. గుమ్మం దాటింది, గల్లీలోకి పోయింది, ఎదురింటి మెట్ల దాకా పోయింది, నెమళ్ళు ఇంకా వస్తున్నాయి. మిగిలిన చీరలకు ఉంచిన పడుగంతా ఆ ఒక్క చీరలోనే ఉంది. ఆమె ఎదురింటి మెట్ల మీద కూర్చుంది. ఏడుస్తుందనుకున్నాను. భుజాలు ఊగాయి. దగ్గరికి వెళ్ళి చూస్తే నవ్వుతోంది. నవ్వు ఆపుకోలేక హిందీలో నన్ను తిట్టాలని చూసి, మాట పూర్తి కాక, గుజరాతీలో మళ్ళీ మొదలుపెట్టి, చివరికి తెలుగులో, "నేను పెన్ డ్రైవ్ ముందుగల్ల పెట్టుకునేదుండె. తప్పు నాదే," అంది.

అత్త అన్నాక కోడలు తప్పు ఒప్పుకున్నప్పుడు ఔననాలి. నేను ఆమె పక్కన మెట్టు మీద కూర్చుని బట్ట చుట్టడం మొదలుపెట్టాను.

కంప్యూటర్‌ను బంద్ చేసి మళ్ళీ చాలూ చేసింది. కొత్తది బుద్ధిగా లేచింది. నెమలిని ఇస్తే తీసుకుంది. ఇక కొత్త బీము కావాలి, పెళ్ళి దగ్గరపడుతోంది. అతుకు నేనే వేస్తానన్నాను. వేల ముడులు, ఒక్కటి కూడా రాజలింగాన్ని వేయనివ్వలేదు. వేళ్ళు వాచాయి. ముడులన్నీ అచ్చు దాటాక కత్తెరకు పసుపు రాసి సునీత చేతిలో పెట్టాను. "నువ్వు గద పెద్దదానివి," అంది. "వయసులనే బిడ్డా," అన్నాను. ఆమె కోసింది, చాలా నిదానంగా, కొత్త పోగుల్ని రెండుసార్లు లాగి చూసి మరీ.

చీరలు వేళకు అందాయి. పెళ్ళివారు గీత కోసం వెతికి వెతికి, దొరక్క, ఇంకో ఆర్డర్ ఇచ్చి పోయారు. కొంగు రాని చీరను కోసి గుమ్మాలకు కర్టెన్లుగా పంచాం. మా గల్లీలో ఇప్పుడు నెమలి లేని గుమ్మం లేదు. మీటర్ చూసే అబ్బాయి ప్రతి కర్టెన్ దగ్గరా ఆగి, లోపల నేను ఉన్నానా అని చూసి మరీ వస్తాడట.

ఆ తర్వాత మళ్ళీ అప్‌డేట్ రోజు వచ్చింది. పొద్దున్నే సునీత నా చేతికి చెప్పులు ఇచ్చింది. వాకిట్లో రాజలింగం భార్య ఆటో ఆపి కూర్చుని ఉంది.

"యాడికే?"

"డుమస్ పో అత్తమ్మా. సముద్రం చూడు. టమాటా భజియా తిను. నేను ఫోన్ చేసినంకనే రా."

వెళ్ళాను. నల్ల ఇసుకలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నాను. అల వస్తుంది, పాత గుర్తు చెరిపి, కొత్త గుర్తు వేసి పోతుంది, ఎవరినీ అడగకుండా. భజియాలు తిన్నాను. ఇంకో ప్లేటు తిన్నాను. సాయంత్రం ఫోన్ వచ్చింది.

"అయింది అత్తమ్మా, రా."

"సాంచా ఆగిందా?"

"దానికి తెల్వనే తెల్వది."

అప్పుడు నాకు ఆ విద్య మొత్తం అర్థమైంది. నడుస్తున్న సిస్టమ్‌ను కదిలించకుండా కొత్తది ఎక్కించాలంటే, మొదట ఇంట్లోంచి అత్తగారిని కదిలించాలి.

కనుక చదువుతున్న మీ అందరి ముందూ, తూర్పు ముఖంగా నిలబడి, పసుపు లేని చేతులతో ప్రమాణం చేస్తున్నాను. కొత్తది నిద్రలేచి, ముఖం కడుక్కుని, నాకు చాయ్ పెట్టి ఇచ్చేదాకా పాతదాని జోలికి పోను. అప్‌డేట్ నాడు ఆ గడపలోనే ఉండను. ఈ రెండో మాటను నేనెంత నిష్ఠగా పాటిస్తున్నానంటే, ఈ మధ్య ప్రతి వారం పొద్దున్నే స్నానం చేసి, చెప్పులు వేసుకుని, వాకిట్లో నిలబడి కోడల్ని అడుగుతున్నాను:

"అప్‌డేట్ గిట్ల ఏమన్న వచ్చిందా బిడ్డా? వస్తే మొహమాటపడకు. నేను అడ్డం ఉండ."